ఎనిమిది గోళీలకి ఒక గెలుపు

నా చేతికి మొదటిసారి తుపాకీ ఇచ్చినవాడు ఒక మేళా వ్యాపారి. కాల్చడానికి కాదు, కాల్చేవాళ్లకి అందించడానికి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నయా పైసలు వచ్చి నాలుగైదేళ్లయినా ఖరగ్‌పూర్‌లో మావాళ్లు ఇంకా అణాల్లోనే మాట్లాడుకునేవారు.

అంతకు నాలుగేళ్ల ముందు పలాస దగ్గరి ఊరికి నన్ను ఇచ్చి చేశారు. ఏడాదిన్నర కాపరం చేశాను. ఆ మనిషికి మాట కంటే చెయ్యి ముందు లేచేది. మూడోసారి నా ముంజెయ్యి వాచిన రోజున పాసింజరు ఎక్కి పుట్టింటికి వచ్చేశాను. గుమ్మంలోనే మా అమ్మ, "ఎన్నాల్లుంటావు?" అని అడిగింది.

"ఉండిపోడానికే వచ్చినాను" అన్నాను.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను వచ్చేసిన రెండేళ్లకి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి ఖరిదాలో రెండు గదుల వాటాలోకి మారాం. ఆయన చేతికొచ్చిన సొమ్ము ఎన్నాళ్లో సాగదని ముగ్గురికీ తెలుసు. ఆ చలికాలం జీతాల వారం చూసుకుని రెండున్నర నెలల మేళా దిగింది. గాలి బూరల్ని గురి చూసి పేల్చే కొట్టులో తుపాకులు నింపి అందించడానికి మనిషి కావాలని, ఆడమనిషైతే రోజుకి రెండు రూపాయలని తెలిసింది. నేను వెళ్లి అడిగాను.

"మేళాలో నిలబడతావా? పదిమంది మగాల్ల మద్దిన?" అని అమ్మ కంచం పక్కకి నెట్టేసింది.

నాన్న బీడీ ఆర్పి, "పని పనే. దానికి మగేటి, ఆడేటి" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను బయల్దేరాను.

కొట్టు యజమానిని అందరూ మాలిక్ అనేవారు. నేను దాదా అనేదాన్ని. యాభై దాటిన మనిషి, కలకత్తా వైపువాడు, శుభ్రంగా ఇస్త్రీ చేసిన ధోవతి. ఆయన మాట సగం హిందీ, సగం బెంగాలీ. నాకు అర్థమైనది నా మాటల్లో రాస్తున్నాను.

కొట్టులో నాలుగు ఎయిర్‌గన్నులుండేవి. నాలుగు బారల దూరంలో గుడ్డ కట్టిన తడిక, దాని మీద వరసలుగా రంగు బూరలు. పావలాకి అయిదు దెబ్బలు, అర్ధరూపాయికి పది. మూడు బూరలు పేలితే దువ్వెన, అయిదూ పేలితే చేతి అద్దం. పదికి పదీ పేలితే పై అరలో ఉన్న ఇత్తడి కిరోసిన్ స్టవ్వు. రోజూ కొట్టు తెరవగానే దాన్ని చింతపండుతో తోమి మెరిపించడం నా మొదటి పని.

మూడో రోజున దాదా నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "ఈ స్టవ్వు అయిదేళ్లుగా నాతోనే తిరుగుతోంది బేటీ. దీని మీద ఒక్క పూట కూడా వంట కాలేదు. ఇది బహుమతి అనుకుంటున్నావా? ఇది మన సైన్‌బోర్డు."

తర్వాత తుపాకులు ఒక్కొక్కటీ చేతికిచ్చాడు. నాలుగింటిలో ఒకటే తిన్ననిది. దాని కర్ర మీద చిన్న సున్నపు చుక్క ఉంటుంది. మిగిలిన మూడింటికీ గొట్టం కొసన గురి చూసే ముల్లు కొంచెం వంచి ఉంటుంది. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి పైకి. ఒకదానికి అలవాటు పడ్డవాడికి మరుసటిసారి రెండోది ఇవ్వాలి. సాయంత్రం మొదటి బేరానికి మాత్రం చుక్క తుపాకీయే. ఆ మనిషి గెలవాలి, అద్దం పట్టుకుని మేళా అంతా తిరగాలి. గుంపు చేరాక వంకరవి తియ్యాలి. బూరల్లో గాలి కూడా అప్పుడు కొంచెం తగ్గించాలి. మెత్తటి బూర దెబ్బ తగిలినా ఒక్కోసారి పేలదు, ఊగి ఊరుకుంటుంది.

"ముల్లు ఎక్కువ వంచినవాడు మూర్ఖుడు" అన్నాడు దాదా. "గుండు మరీ దూరంగా పోతే మనిషి విసుగెత్తి వెళ్లిపోతాడు. బూర పక్కన వేలెడు దూరంలో తగలాలి. 'అరె, కొద్దిలో తప్పిపోయింది' అనుకోవాలి. ఆ అనుకోవడమే మనం అమ్మే సరుకు. దువ్వెనలూ అద్దాలూ కాదు."

ఆ పాఠం నాకు నచ్చింది. పది రోజులు ఆ పని నేనూ బాగా చేశాను. ముఖం చూసి, చొక్కా చూసి, పక్కన ఎవరున్నారో చూసి ఏ తుపాకీ ఇవ్వాలో చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు తల్చుకుని సిగ్గుపడుతున్నానని రాస్తే బాగుంటుంది గానీ, అప్పుడు నేను సిగ్గుపడలేదు. పెళ్లయిన తర్వాత మొదటిసారి ఒకరు నాకొక విద్య నేర్పి, బాగా చేశావన్నారు. అది నాకు తిండి కంటే ఎక్కువగా పట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఒకావిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది. ఖరిదా బజారులో కూరలమ్ముకునే మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా అందరికీ ఆవిడ అప్ప. వయసులో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలిచేవారు. గంప కింద పెట్టి, అర్ధరూపాయి బల్ల మీద టపీమని కొట్టి, తుపాకీ ఇమ్మంది. చుట్టూ ఉన్న మగవాళ్లు నవ్వారు. దాదా కూడా నవ్వి, ఆడవాళ్లకి రింగులు విసిరే ఆట అటు చివర ఉందన్నాడు.

"ఏటి, ఈ తుపాకీకి మగోడెవులో ఆడదెవులో తెలుస్తాదేటి?" అంది అప్ప.

దాదా బల్ల మీద రెండు వేళ్లు పెట్టాడు. రెండో తుపాకీ ఇమ్మని సైగ. ఎడమకి కొట్టేది. నేను దాన్ని అందుకున్నాను. అప్ప నా కళ్లలోకి చూసి మన మాటలో అడిగింది: "గుంటా, దీంతో కొడితే పేల్తాదా?"

ఆ పది రోజుల్లో నన్నెవరూ అలా అడగలేదు. అందరూ తమ గురి గురించే బెంగపడ్డారు గానీ తుపాకీ గురించి అడిగినవాళ్లు లేరు. నేను రెండోది కింద పెట్టి, చుక్క ఉన్నది నింపి ఆవిడ చేతిలో పెట్టాను. "దీంతో పేల్తాది అప్పా" అన్నాను.

అప్పకి తుపాకీ పట్టుకోవడం కూడా తెలీదు. దాని మడమ భుజానికి ఎక్కడ ఆనించాలో చూపించాను. ఒక కన్ను మూసుకోమంటే రెండూ మూసుకుంది. జనం ఘొల్లుమన్నారు. తర్వాత కుదురుకుంది. మొదటి బూర పేలింది. రెండోది పేలింది. అయిదోది పేలేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఏడోదానికి పక్క కొట్లలోని జనం కూడా వచ్చేశారు. ఎనిమిదో దెబ్బ బూర అంచుకి తగిలింది, అయినా పేలింది. పదోది పేల్చాక ఆవిడ తుపాకీ బల్ల మీద పెట్టి, నుదురు కొంగుతో తుడుచుకుని, "బజార్లో కోతుల్ని రాళ్లేసి కొట్టి కొట్టి నాకు ఈ సెయ్యి తిన్నగైపోయినాది" అంది. ఆ స్టవ్వు గంపలో పెట్టుకుని, నెత్తిన ఎత్తుకుని వెళ్లిపోయింది.

జనం ఎదురుగా దాదా చిరునవ్వు చెదరనివ్వలేదు. వాళ్లు పల్చబడ్డాక నా వైపు తిరిగాడు. "పొరపాటా?"

"కాదు దాదా."

"మరి?"

"అడిగింది. అడిగిన మనిషికి అబద్ధం సెప్పలేకపోయినాను."

ఆయన ఆ రోజు కూలి రెండు రూపాయలూ తీసి బల్ల మీద పెట్టాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. నేను డబ్బు తీసుకున్నాను, కానీ కదల్లేదు. "ఆ మూడూ తిన్నగా సేసినా నీకు లాభం వస్తాది దాదా. పదికి పదీ కొట్టేవాల్లు ఎంతమందుంటారు?"

దాదా గట్టిగా నవ్వాడు. "ఠీక్ హై. నువ్వే ఒక కొట్టు పెట్టి చూపించు."

"పెడతాను" అన్నాను. అనేదాకా అలా అంటానని నాకే తెలీదు.

ఇంటికెళ్లి నాన్నతో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. తుపాకుల ముళ్లు ఎంత వంచారు, ఎలా వంచారు అని మాత్రం రెండుసార్లు అడిగారు. ఫిట్టరు కదా. తర్వాత, "తుపాకులు మనవల్ల కావు. గోళీల పెట్టె సేద్దాం" అన్నారు.

చెయ్యడానికి పన్నెండు రోజులు పట్టింది. టీ పెట్టెల చెక్కతో నిలువు పెట్టె. ఖరిదాలో పాత ఇనుము కొట్టు నుంచి కొన్న బేరింగు గోళీలు. గోళీని పైకి ఎగదన్నడానికి పాత సైకిలు సీటు స్ప్రింగు. లోపల వరసలు వరసలుగా ఇత్తడి మేకులు, అడుగున అయిదు గిన్నెలు. పది పైసల బిళ్ల వేస్తే దాని బరువుకి ఒక చిన్న రేకు వంగి ఒక గోళీ వదుల్తుంది. పిడి లాగి వదిలితే గోళీ పైకి పోయి, మేకుల మధ్య తడబడుతూ కిందికి దిగుతుంది. నడిమి గిన్నెలో పడితే గెలిచినట్టు, బహుమతి ఒక సబ్బు. ముందు బిగించడానికి అద్దం లేకపోతే, రిటైరయిన రోజు తీయించుకున్న గ్రూపు ఫొటో చట్రం విప్పి నాన్న ఆ అద్దం తీసేశారు. ఫొటోని ట్రంకు పెట్టె అడుగున దాచారు.

ఆట ఎలా ఉందో ఇంట్లోనే చూసుకున్నాం. అమ్మ ఆ పన్నెండు రోజులూ పెట్టె వైపు చూడలేదు. జూదం పెట్టె అనేది. ఒక మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి వంటింట్లో పప్పు మాడిన వాసన. అమ్మ పెట్టె ముందు నిలబడి పిడి లాగుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "ఇంకొక్క గోళీ. నడిమి గిన్నె అంచు మీదకెల్లి పక్కకి పడిపోయినాదే" అంది. నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆట కుదిరింది.

కానీ మొదట్లో అది మరీ ఉదారంగా ఉండేది. మూడు గోళీలకి ఒకటి నడిమి గిన్నెలో పడేది. అలా నడిపితే వారంలో ఇంట్లో చెంబులు కూడా పోతాయి. నాన్న చిన్న సుత్తి తీసుకుని గిన్నె మీదున్న మేకుని వెంట్రుకవాసి పక్కకి జరిపారు. మళ్లీ ఆడాం. ఇంకొంచెం జరిపారు. ఎనిమిది గోళీలకి ఒకటి పడే చోట ఆగాం. అంతకంటే తగ్గిస్తే ఆడేవాడికి ఆశ చచ్చిపోతుంది, పెంచితే మాకు బియ్యం రావు.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. దాదా ముల్లు వంచాడు, మేం మేకు జరిపాం. ఆయనకీ మాకూ తేడా ఏమిటి? రెండు రోజులు అది నన్ను తినేసింది. మూడో రోజు ఒక పలక కొనుక్కొచ్చాను. దాని మీద తెలుగులో, బెంగాలీలో, హిందీలో సుద్దతో రాశాను: "ఎనిమిది గోళీలకి ఒకటి పడుతుంది. మిగతావి కొట్టువాళ్లకి."

నాన్న చదివి తల గోక్కున్నారు. "ఇలా రాస్తే ఎవుడాడతాడే?"

"రాయకపోతే మనం కూడా దాదాయే నాన్నా. ఎవులాడినా ఆడకపోయినా ఇది రాసే పెడతాను."

చోటు అప్ప ఇచ్చింది. పదకొండు దాటితే ఆవిడ కూరలు అయిపోయేవి. తర్వాత ఆ రేకుల పంచ ఖాళీ. బజారు నుంచి మేళా మైదానానికి వెళ్లే దారి మీద ఉంది. అద్దె ఎంతని నేను అడగక ముందే ఆవిడ, "నాకేటీ ఒద్దు. రోజుకి రెండు గోలీలు ఊరకే ఆడనీ" అంది.

మొదటి రోజు నలుగురు ఆడారు. రెండో రోజు పలక చదివి నవ్వుకుంటూ వెళ్లినవాళ్లే ఎక్కువ. మూడో రోజు సుభాష్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన పలక ముందు చాలాసేపు నిలబడి, "దీదీ, ఇది నిజమేనా?" అని బెంగాలీలో అడిగి, ఎనభై పైసలకి ఎనిమిది గోళీలు తీసుకున్నాడు. ఒక్కటీ పడలేదు. వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన వెనక నిలబడ్డ మనిషి ముందుకొచ్చి, "ఇప్పుడు పడి తీరాలి కదా, నేనాడతాను" అన్నాడు. ఎనిమిది అయిపోయాయి గనక తొమ్మిదోది తప్పకుండా పడాలని లేదని, గోళీకి లెక్క గుర్తుండదని నేను అతనికి చెప్పాను. అతను విన్నాడు, నమ్మలేదు, ఆడాడు. మూడో గోళీకి సబ్బు గెలిచాడు.

ఈ వ్యాపారం రహస్యంలో దాదా చెప్పింది సగమే. కొద్దిలో తప్పిపోవడం ఎంత లాగుతుందో, గోళీ మేకుల మీద టకటకలాడే చప్పుడూ అంతే లాగుతుంది. వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు ఆడేవాడి కంటే ఎక్కువ మురిసిపోతారు. వర్క్‌షాపు నుంచి వచ్చిన మనిషి పది పైసలిచ్చి కొనుక్కునేది ఆ కాసేపే. సబ్బు దొరికితే అది అదనం. ఓడిపోతామని రాసి పెట్టినా జనం ఆడారు, ఎంత ఓడతారో ముందే తెలుసు గనక నవ్వుతూ ఓడారు. ఇంకో నియమం కూడా పెట్టాను: ఒక మనిషికి రోజుకి పది గోళీలే. ఒక ఖలాసీ జీతం కాగితం ఇంకా జేబులోనే ఉండగా పదకొండో గోళీకి చెయ్యి చాపితే, "రేపు రా అన్నా" అని పంపించేశాను. తిట్టుకుంటూ వెళ్లాడు. మర్నాడు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ చెరో పదీ ఆడారు.

నెల తిరిగేసరికి మా తెలుగువాళ్లలో పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చారు. పెళ్లిళ్లూ తగువులూ ఆయన చేతి మీదే జరిగేవి. నాన్నకి ఆయనంటే గౌరవం. కుర్చీ తెచ్చి వేశారు.

"పలాస నుంచి ఉత్తరం వచ్చింది బావూ" అన్నారాయన నాన్నతో; మా వైపు బాబూ అనే మాటే బావూ. "ఆ పెట్టె ఒగ్గేస్తే నీ కూతుర్ని ఏలుకుంటారట. మంచి అవకాశం. బజార్లో జూదం ఆడించే ఆడదని పదిమందీ అనకముందే పంపించెయ్."

నాన్న నా వైపు చూశారు. జవాబు నన్నే చెప్పమని ఆ చూపు.

"ఆ ఉత్తరంలో నా సెయ్యి వాచిన సంగతి రాసినారా బావూ?" అని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. "అయ్యన్నీ కాపరంలో ఉంటాయమ్మా."

"నా కొట్టులో ఓడిపోయినోడు కూడా నన్ను కొట్టడు బావూ. డబ్బులిచ్చి, ఓడి, దీదీ అని పిలిసి ఎల్తాడు. నేనెల్లను. ఆ ఉత్తరానికి జవాబు మీరు రాస్తే సరే, నేదంటే నేనే రాస్తాను."

ఆయన టీ తాగకుండా లేచారు. అమ్మ వాకిలి దాకా ఆయన వెంట వెళ్లి బతిమాలుతుందనుకున్నాను. వెళ్లింది. కానీ వాకిట్లో, "జూదం కాదు బావూ, పలక మీద రాసే ఆడిస్తాది, నేనూ ఆడినాను" అనడం నాకు వినిపించింది.

మేళా ఇంకా పది రోజులుందనగా అసలు గొడవ జరిగింది. దాదా కొట్టుకి వెళ్లే జనం మా పంచ దగ్గర ఆగిపోతున్నారు. పైగా అప్ప తన స్టవ్వు మీద టీ కాచి అమ్మడం మొదలెట్టింది. టీ పోస్తూ ప్రతివాళ్లకీ ఆ స్టవ్వు ఎలా గెలిచిందో చెప్పేది. ఏ తుపాకీతో గెలిచిందో కూడా చెప్పేది. ఒక ఆదివారం మధ్యాహ్నం దాదా తనే వచ్చాడు. జనం నిండుగా ఉన్నారు. పలక చేత్తో ఎత్తి పట్టుకుని గట్టిగా అన్నాడు: "ఇది పచ్చి మోసం! ఎనిమిదికి ఒకటి అని ఎవరు చూశారు? లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఈ పిల్ల నా దగ్గర నేర్చుకున్న విద్యే ఇది!"

జనం గుసగుసలాడారు. ఆఖరి మాట నిజమే కదా. నాన్నని స్క్రూడ్రైవరు అడిగాను. పెట్టె ముందు అద్దం విప్పి గోడకి ఆనించాను. వెనక చెక్క కూడా ఊడదీసి పెట్టాను. స్ప్రింగు, రేకు, మేకులు అన్నీ బయటపడ్డాయి.

"ఎవరైనా రండి. సెయ్యి పెట్టి సూసుకోండి. మేకు కదుల్తాదేమో లాగి సూడండి" అని తెలుగులో అని, మళ్లీ హిందీలో అన్నాను.

సాలువా పోలీసు క్యాంపు నుంచి ఆదివారాలు వచ్చే గూర్ఖా హవల్దారు ఒకాయన వరసలో ఉన్నాడు. పొట్టి మనిషి, తక్కువ మాటలు. ముందుకొచ్చి మేకులన్నీ ఒక్కొక్కటి వేలితో తడిమాడు. వెనక్కి వెళ్లి చూశాడు. అయస్కాంతం లాంటిది ఏమైనా ఉందేమోనని పెట్టె అడుగు కూడా ఎత్తి చూశాడు. "ఏమీ లేదు" అన్నాడు. "ఇప్పుడు ఆడి చూద్దాం. ఎనభై గోళీలు. పది పడాలి."

అద్దం మళ్లీ బిగించాం. ఆయన ఆడుతుంటే జనం పైకి లెక్కపెట్టారు. నలభై అయ్యేసరికి మూడే పడ్డాయి. అరవైకి అయిదు. ఎనభై పూర్తయ్యేసరికి పడినవి ఏడు.

"చూశారా! పది అన్నారు, ఏడు!" అని దాదా చేతులు చాచాడు.

పారిపోవాలనిపించిందని ఒప్పుకుంటాను. కానీ నాన్న ముఖం చూశాను. ఆయన మేకుని కాదు, నన్ను చూస్తున్నారు. "ఇంకో ఎనభై ఆడండి హవల్దార్ సాబ్" అన్నాను. "అప్పుడప్పుడు తక్కువ పడతాయి, అప్పుడప్పుడు ఎక్కువ పడతాయి. నేను ఎనిమిదికి ఒకటని రాసినాను గానీ, వరసలో ఎనిమిదోదని రాయలేదు."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచి మళ్లీ మొదలెట్టాడు. ఈసారి మొదటి పదిలోనే మూడు పడ్డాయి. జనం గొంతు పెరిగింది. పది దాటింది. పదకొండు. పన్నెండు. డెబ్బై ఎనిమిదో గోళీ నడిమి మేకు మీద ఆగినట్టే ఆగి, గిన్నెలోకి దొర్లింది. అది పదమూడోది. మొత్తం నూట అరవైకి ఇరవై. అప్ప ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఊపేసింది. గ్లాసులోది నా చీర మీద పడింది.

హవల్దారు చెయ్యి తుడుచుకుని దాదా వైపు తిరిగాడు. మర్యాదగానే అన్నాడు: "ఇప్పుడు మీ తుపాకులు కూడా ఇలాగే చూద్దాం."

జనమంతా మైదానానికి నడిచారు. నేనూ వెళ్లాను. ఆయన తుపాకీని ఇసుక నింపిన సంచి మీద కదలకుండా ఆనించి, తడికకి అంటించిన కాగితం మీద చుక్క పెట్టించి, అయిదు దెబ్బలు కొట్టాడు. అయిదూ నాలుగు వేళ్లు ఎడమగా, ఒకే చోట తగిలాయి. ఆ తర్వాత తీసిన తుపాకీవి కుడిగా తగిలాయి. గాలి వల్ల అన్నాడు దాదా. ఆ మధ్యాహ్నం ఆకు కదలని రోజు. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఎవరూ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు, కొట్టు పీకలేదు. ఊరికే వెళ్లిపోయారు. ఆ నవ్వే ఆయన్ని ఎక్కువ దెబ్బకొట్టిందనుకుంటాను.

రెండు రోజుల తర్వాత సామాను బండికెత్తించి, వెళ్లేముందు ఆయన మా పంచ దగ్గరికొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. దేనికైనా సిద్ధంగానే.

"నా మీద పదకొండు మంది బతుకుతున్నారు బేటీ" అన్నాడు. "ముల్లు తిన్నగా పెట్టి వాళ్లని పోషించగలనని నాకెవరూ చెప్పలేదు."

"నేను సెప్పినాను కదా దాదా, నువ్వు నన్ను పన్లోంచి తీసేసిన రోజున" అన్నాను.

ఆయన ఒప్పుకున్నట్టు తలాడించాడు. జేబులోంచి పది పైసలు తీసి పెట్టెలో వేసి ఒక గోళీ ఆడాడు. చివరి గిన్నెలో పడింది. ఇంకోటి ఆడలేదు. నాకు జాలి కలిగింది, కానీ నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను.

ఆ పెట్టె తర్వాత నాన్న ఇంకో రెండు చేశారు. మూడింటితో పదకొండేళ్లు నడిపాను. జీతాల వారం రాత్రి దాకా, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాకా. మేకులు అరిగితే కొత్తవి కొట్టేవాళ్లం, కొట్టినప్పుడల్లా వందల గోళీలు ఆడి చూసుకునేవాళ్లం, పలక మీద అంకె మారితే మార్చి రాసేదాన్ని. ఒక ఏడాది ఏడుకి ఒకటి అయింది. ఆ ఏడాది జనం పెరిగారు, లాభం ఏమీ తగ్గలేదు. పెద్దమనిషి మా వైపు రావడం మానేశారు గానీ ఆయన ఇంట్లో ఆడవాళ్లు వచ్చేవారు. వచ్చి ఆడి, సబ్బు చెంగులో కట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని వెళ్లేవారు. నేను చెప్పలేదు. పలాస నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు.

నాన్న పోయిన మరుసటి సంవత్సరం జనాభా లెక్కలు రాసేవాళ్లు ఇంటింటికీ తిరుగుతూ మా వాటాకొచ్చారు. వచ్చినవాడు నా ఈడువాడే, బెంగాలీ. బల్ల మీద కాగితాలు పరిచి, ఇంటి పెద్ద ఎవరని అడిగాడు. అమ్మ నన్ను చూపించింది. భర్త పేరు అడిగాడు. ఆ మనిషితో కలిసి ఉండటం లేదన్నాను. "అయితే ఇంటిపని" అంటూ కలం కదిపాడు.

"కాదు. రాయండి, ఆటల కొట్టు" అన్నాను.

"అలాంటి పని జాబితాలో లేదు దీదీ. ఇంటిపని అని రాస్తే మీకేం నష్టం?"

"ఇంటిపని మా అమ్మ చేస్తుంది. నేను కొట్టు నడుపుతాను. మూడు పెట్టెలు, సొంతం. జాబితాలో లేకపోతే ఖాళీలో రాయండి."

అతను విసుక్కున్నాడు. ఎండలో తిరిగి తిరిగి వచ్చాడు, ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాలి. అయినా నేను బల్ల దగ్గరి నుంచి కదల్లేదు. చివరికి ఏదో రాశాడు. నాకు బెంగాలీ చదవడం వచ్చినా, పైకి చదవమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, నిదానంగా చదివాడు: "ఆటల దుకాణం. యజమాని, స్వయంగా."

"సరిగ్గా ఉంది" అన్నాను. "కూర్చోండి, టీ తాగి వెళ్దురు గాని."